బంతి విసరకముందే చెప్పాలి

2011 అక్టోబర్ 27. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మేం నలుగురం కలిసి ఉండే అపార్ట్‌మెంట్. హాల్లో సోఫా ఉన్నా ఎవరం దాని మీద కూర్చోలేదు, టీవీకి మూడడుగుల దూరంలో కార్పెట్ మీద కూర్చుని నోట మాట లేకుండా చూస్తున్నాం. అమెరికన్ బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో (ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే టైటిల్) మా టెక్సస్ రేంజర్స్ 3-2తో ముందుంది. ఆరో మ్యాచ్ సెయింట్ లూయిస్‌లో, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు 7-5, ఇద్దరు అవుట్, బ్యాటర్ మీద రెండు స్ట్రైక్‌లు (మూడు స్ట్రైక్‌లకి బ్యాటర్ అవుట్, ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది). ఇంకొక్క స్ట్రైక్ పడితే 1972లో టెక్సస్‌కి వచ్చిన ఈ జట్టుకి మొట్టమొదటి టైటిల్. నెఫ్టాలీ ఫెలీజ్ విసిరాడు, డేవిడ్ ఫ్రీస్ కొట్టాడు, రైట్ ఫీల్డ్‌లో నెల్సన్ క్రూజ్ వెనక్కి పరిగెత్తాడు, బంతి అతని గ్లవ్ మీద నుంచి వెళ్లిపోయింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ వచ్చేశారు. 7-7.

పదో ఇన్నింగ్స్‌లో జాష్ హామిల్టన్ రెండు పరుగుల హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టి 9-7 చేశాడు. మళ్లీ ఆశ, మళ్లీ ఇద్దరు అవుట్, మళ్లీ రెండు స్ట్రైక్‌లు, లాన్స్ బర్క్‌మన్ సింగిల్ కొట్టి 9-9 చేశాడు. పదకొండులో అదే ఫ్రీస్ హోమ్ రన్, 10-9, అయిపోయింది. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా 6-2తో పోయింది కానీ నా వరకు ఆ సిరీస్ ముందు రాత్రే ముగిసింది.

ఆ రాత్రి నుంచి చాలా ఏళ్లు నేను ఒక్క మనిషినే తిట్టుకున్నాను. క్రూజ్‌ని కూడా కాదు, మేనేజర్ రాన్ వాషింగ్టన్‌ని.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. బేస్‌బాల్ మేనేజర్ అంటే హోటల్ గదులూ బస్సులూ చూసుకునే మన టీమ్ మేనేజర్ లాంటివాడు కాదు. ఎవరు ఆడాలి, ఏ వరుసలో బ్యాటింగ్‌కి రావాలి, పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, ఎప్పుడు దించాలి, ఎవర్ని తేవాలి, అన్నీ ఆయన చేతిలోనే. మన కెప్టెన్ మైదానంలో చేసే పనిలో ఎక్కువ భాగం ఈయన డగౌట్‌లో నిలబడి చేస్తాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒకసారి బయటికి తీసిన ఆటగాడు ఆ మ్యాచ్‌లోకి మళ్లీ రాకూడదు. నాలుగో ఓవర్లో కొట్టించుకున్న బౌలర్‌ని పక్కనపెట్టి పద్దెనిమిదో ఓవర్లో మళ్లీ పిలిచినట్టు ఇక్కడ కుదరదు. చేసిన మార్పు చేసినట్టే.

వాషింగ్టన్ మీద నా ఫిర్యాదు, నాదే కాదు ఈ ఊళ్లో వేలమంది ఫిర్యాదు, ఏమిటంటే క్రూజ్ గొప్ప ఫీల్డర్ కాదు, బెంచ్ మీద ఎండీ చావెజ్ ఉన్నాడు, అతను పట్టుకోవడంలో దిట్ట. రెండు పరుగులు ముందున్నప్పుడు, మూడు అవుట్లు మాత్రమే కావాల్సినప్పుడు, క్రూజ్‌ని తీసి చావెజ్‌ని పెట్టాలి కదా? చావెజ్ ఉంటే ఆ బంతి దొరికేది, టైటిల్ వచ్చేది. ఎక్కడ బేస్‌బాల్ మాట వచ్చినా, తెలుగువాళ్ల పాట్‌లక్‌లో అయినా ఆఫీసులో అయినా, నేను ఇదే చెప్పేవాణ్ణి. అలాంటి మేనేజర్‌ని ఇంకా ఉంచుకున్నారంటే యాజమాన్యానికి గెలవాలని లేదని కూడా అన్నాను.

ఆ మాట ఇప్పుడు అనను. నా అభిప్రాయం మారింది, ఎలా మారిందో చెప్పాలనే ఇదంతా.

2020లో కోవిడ్ వల్ల వరల్డ్ సిరీస్ మొత్తం ఒకే చోట పెట్టారు, అదీ మా ఆర్లింగ్టన్‌లో, అప్పుడే కట్టిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో. ఆడింది టాంపా బే రేస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. ఆరో మ్యాచ్‌లో రేస్ పిచర్ బ్లేక్ స్నెల్ డాడ్జర్స్‌ని ఊపిరి తీసుకోనివ్వలేదు. తొమ్మిది స్ట్రైక్‌అవుట్లు, వేసినవి 73 బంతులే, రేస్ 1-0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక్క సింగిల్ ఇచ్చాడో లేదో మేనేజర్ కెవిన్ క్యాష్ మెట్లెక్కి బయటికి వచ్చి అతన్ని తీసేశాడు. తర్వాత రావాల్సిన మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్ ముగ్గురూ ఆ రాత్రి స్నెల్ మీద రెండేసి సార్లు స్ట్రైక్‌అవుట్ అయినవాళ్లే. వచ్చిన నిక్ ఆండర్సన్ మీద బెట్స్ డబుల్ కొట్టాడు, ఒక వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందకుండా అదుపు తప్పిన బంతి) పడింది, ఆధిక్యం పోయింది, డాడ్జర్స్ 3-1తో గెలిచి కప్ ఎత్తారు.

నేను టీవీ ముందు గట్టిగానే అరిచాను. అప్పటికి ఆ రూమ్మేట్లలో ఒకడు పెళ్లయి ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాడు, కానీ అక్టోబర్ మ్యాచ్‌లన్నీ ఫోన్లో కలిసే చూస్తాం. వాడు ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆండర్సన్ బెట్స్‌నీ సీగర్‌నీ అవుట్ చేసి ఉంటే ఏమనేవాడివిరా? క్యాష్ తెలివైనవాడు అనేవాడివా కాదా?"

జవాబు చెప్పలేకపోయాను. వాషింగ్టన్‌ని మార్చనందుకు తిట్టాను, క్యాష్‌ని మార్చినందుకు తిడుతున్నాను, రెండుచోట్లా నా తీర్పుకి ఆధారం ఒక్కటే, బంతి ఎక్కడ పడిందన్నది. అది మేనేజర్ చేతిలో లేనిది. ఆయన చేతిలో ఉన్నది బంతి విసరకముందు వరకే.

అప్పట్నుంచి మా ఇద్దరికీ ఒక నియమం ఉంది. పిచర్‌ని మార్చడానికి మేనేజర్ నడిచి వస్తున్నప్పుడు, కొత్తవాడు మొదటి బంతి వేయకముందే, ఎవరి మాట వాళ్లు చెప్పెయ్యాలి. ఉంచాలా, మార్చాలా, మారిస్తే ఎవర్ని తేవాలి. అప్పుడు నోరు విప్పనివాడికి తర్వాత తిట్టే హక్కు లేదు. వినడానికి చాలా చిన్న విషయం, కానీ చేసి చూడండి, మ్యాచ్ చూసే తీరే మారిపోతుంది. బుల్‌పెన్‌లో, అంటే తర్వాత రావాల్సిన పిచర్లు సిద్ధమయ్యే చోట, ఎవరు వేడెక్కుతున్నారు, నిన్న ఎవరు ఎన్ని బంతులు వేశారు, రాబోయే ముగ్గురిలో ఎడమచేతి వాళ్లెందరు, ఇవన్నీ ముందే చూసుకోవాల్సి వస్తుంది. మేనేజర్ బుర్రలో ఆ రెండు నిమిషాల్లో ఎంత టెన్షన్ నడుస్తుందో కొంచెమైనా తెలుస్తుంది.

ఈ నియమంతో 2011కి మళ్లీ వెళ్లాను. ఆ ఇన్నింగ్స్ మొదలవుతున్నప్పుడు మా హాల్లో నలుగురం ఉన్నాం. ఫ్రీస్ కొట్టిన ఆ దెబ్బకి ముందు మా నలుగురిలో ఒక్కరి నోటా చావెజ్ పేరు రాలేదు. ఒక్కరి నోటా! అందరం టైటిల్ గురించే ఆలోచిస్తున్నాం. చావెజ్ పేరు మాకు గుర్తొచ్చింది బంతి క్రూజ్ వెనక నేలమీద పడ్డాకే. పైగా ఆ క్రూజ్ మామూలు బ్యాటర్ కాదు, ఆ ముందు సిరీస్‌లో డెట్రాయిట్ మీద ఆరు హోమ్ రన్‌లు కొట్టి ఎమ్‌వీపీ (సిరీస్ ఉత్తమ ఆటగాడు) అవార్డు తెచ్చుకున్నవాడు, అదే రాత్రి ఏడో ఇన్నింగ్స్‌లో కూడా ఒకటి కొట్టాడు. స్కోరు సమమైతే అలాంటి బ్యాట్ లేకుండా పదో ఇన్నింగ్స్‌కి వెళ్లాలి, ఒకసారి తీస్తే మళ్లీ తేలేరు. వాషింగ్టన్ వైపు నుంచి చూస్తే ఇది గాలిలో మాట కాదు. ఇంత ఆలోచించాక కూడా మార్చి ఉండాల్సిందనే అంటాను నేను, రెండు పరుగుల ఆధిక్యంలో, మూడు అవుట్ల దూరంలో, కాపాడుకోవడమే ముందు. కానీ అది ఇద్దరు తెలిసినవాళ్లు కూర్చుని వాదించుకోదగ్గ నిర్ణయం, ఒక మనిషి ఉద్యోగం తీసేయదగ్గ నిర్ణయం కాదు. రేంజర్స్ ఆయన్ని తీయలేదు. 2014లో వ్యక్తిగత కారణాలతో ఆయనే తప్పుకున్నాడు, అప్పటికి 664 విజయాలు, ఈ జట్టు చరిత్రలో ఇంకే మేనేజర్‌కీ అన్ని లేవు. అప్పుడు యాజమాన్యాన్ని తిట్టిన నేను తప్పు, వాళ్లు ఒప్పు.

అందరూ అలా ఉండరు. 2017లో వాషింగ్టన్ నేషనల్స్ మేనేజర్ డస్టీ బేకర్ 97 మ్యాచ్‌లు గెలిపించాడు. ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లో షికాగో కబ్స్ మీద ఐదో మ్యాచ్ 9-8తో పోయింది. ఒక్క పరుగు! కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆరు నెలలపాటు ఒక మనిషి చేసిన పనిని ఒక్క పరుగు తుడిచేసింది. అదే ఏడాది న్యూయార్క్ యాంకీస్ జో జిరార్డీని, వరల్డ్ సిరీస్‌కి ఒక్క విజయం దూరం వరకు తీసుకెళ్లినవాణ్ణి, వదిలేసుకుంది. ఆయన తర్వాత వచ్చిన ఆరన్ బూన్ 2018 నుంచి ఇప్పటివరకు యాంకీస్‌కి టైటిల్ తేలేదు.

దీనికి ఎదురుగా అందరూ చెప్పేది బోస్టన్ కథ. 2003లో గ్రేడీ లిటిల్ యాంకీస్ మీద ఏడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, 5-2 ఆధిక్యంలో, అలిసిపోయిన పెడ్రో మార్టినెజ్‌ని దించకుండా అలాగే ఉంచాడు. ఆధిక్యం పోయింది, పదకొండో ఇన్నింగ్స్‌లో బోస్టన్ ఓడింది (ఓడించిన హోమ్ రన్ కొట్టింది పైన చెప్పిన ఆ ఆరన్ బూనే). లిటిల్‌ని పంపేశారు, టెరీ ఫ్రాంకోనా వచ్చాడు, మరుసటి ఏడాదే 86 ఏళ్ల తర్వాత బోస్టన్‌కి టైటిల్. చూశారా, మార్చినందుకే వచ్చింది అంటారు. నా నియమం ప్రకారం చూసినా లిటిల్ తప్పే, ఎందుకంటే 100 బంతులు దాటాక పెడ్రో పదును తగ్గుతుందని బోస్టన్‌లో అందరికీ ముందే తెలుసు, జనం ఆ క్షణంలోనే అరుస్తున్నారు. కానీ 2004 టైటిల్‌ని మేనేజర్ మార్పు ఖాతాలో వేసేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ఆ మధ్య చలికాలంలో బోస్టన్ కర్ట్ షిల్లింగ్‌ని, కీత్ ఫోల్క్‌ని తెచ్చుకుంది. మ్యాచ్ చివర్లో నమ్మదగ్గ పిచర్ ఒకడుంటే లిటిల్‌కి ఆ రాత్రి ఆ ఇబ్బందే వచ్చేది కాదేమో.

నాకు ఎక్కువ నచ్చే ఉదాహరణ టొరంటో. 2023 ప్లేఆఫ్స్‌లో మినెసోటా మీద జాన్ ష్నైడర్ బాగా వేస్తున్న హోసే బెరియోస్‌ని 47 బంతులకే దించేశాడు. వచ్చిన యూసేయ్ కికూచీ మీద రెండు పరుగులు పోయాయి, 2-0తో మ్యాచ్ పోయింది, సిరీస్ పోయింది. కెనడా అంతా మండిపడింది. 2024లో ఆ జట్టు 74 విజయాలతో డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. అయినా ఆయన్ని ఉంచారు. 2025లో అదే మనిషి 94 మ్యాచ్‌లు గెలిపించి, డివిజన్ గెలిచి, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్ దాకా జట్టుని తీసుకెళ్లాడు. డాడ్జర్స్ 5-4తో గెలిచారు, నిజమే. కానీ 2023 అక్టోబర్‌లో జనం మాట విని ఉంటే టొరంటో వాళ్లకి ఆ రాత్రే వచ్చేది కాదు.

అసలు సమస్య అక్టోబర్‌లోనే ఉంది. సీజన్ అంటే 162 మ్యాచ్‌లు, అన్ని ఆడాక ఏ జట్టు బలమెంతో దాదాపు తేలిపోతుంది. తర్వాత మూడు మ్యాచ్‌ల సిరీస్, ఐదు మ్యాచ్‌ల సిరీస్ పెట్టి అందులో ఓడినవాణ్ణి చేతకానివాడంటాం. 2023లో 104 గెలిచిన అట్లాంటా, 101 గెలిచిన బాల్టిమోర్, 100 గెలిచిన డాడ్జర్స్, మూడూ తమ మొదటి సిరీస్‌లోనే ఇంటికెళ్లాయి. ఫైనల్‌కి వచ్చింది 90 గెలిచిన మేము, 84 గెలిచిన అరిజోనా. మా టైటిల్ గురించి ఇలా చెప్పడం నాకు కష్టంగానే ఉంది కానీ చెప్పకపోతే ఈ వాదనలో నిజాయతీ ఉండదు. ఆ బాల్టిమోర్‌ని మేం 3-0తో ఓడించాం, అదే జట్టుతో 20 మ్యాచ్‌లు ఆడమంటే ఏమయ్యేదో నేను పందెం కాయను.

మరి అదంతా అదృష్టమైతే ఆ ఏడాది మా మేనేజర్ బ్రూస్ బోచీ చేసిందేమీ లేదా? ఉంది. ఇక్కడే నేను కొంచెం ఆగాలి.

బోచీ మాకు కొత్త కాదు. 2010 వరల్డ్ సిరీస్‌లో మమ్మల్ని 4-1తో ఓడించిన శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మేనేజర్ ఆయనే. 2012, 2014లో కూడా గెలిచి, 2019లో రిటైరయ్యాడు. మా జట్టేమో 2021లో 102 మ్యాచ్‌లు ఓడింది, 2022లో 94. ఆ ఆగస్టులో మేనేజర్ క్రిస్ వుడ్‌వర్డ్‌ని, రెండ్రోజులకి ప్రెసిడెంట్ జాన్ డేనియెల్స్‌ని తీసేశారు. ఆ రెండూ సరైనవేనని నా అభిప్రాయం, ఎందుకంటే అవి ఏదో ఒక రాత్రి చూసి తీసుకున్న నిర్ణయాలు కావు. ఆ చలికాలం ముందే బోచీని ఇంట్లోంచి లేపి తీసుకొచ్చారు.

2023 బుల్‌పెన్ ఎంత భయపెట్టేదో రోజూ చూసినవాళ్లకే తెలుసు. కాపాడిన మ్యాచ్‌ల కన్నా చివర్లో చేజార్చినవే ఎక్కువ. హ్యూస్టన్‌తో అమెరికన్ లీగ్ ఫైనల్ ఐదో మ్యాచ్‌లో 4-2తో ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియాకి బంతి తగిలి రెండు జట్లూ మైదానంలోకి దూసుకొచ్చాయి, ఆట చాలాసేపు ఆగింది, ఆ ఆగినంతసేపూ పిచర్ హోసే లెక్లెర్క్ చల్లబడుతూ కూర్చున్నాడు. తొమ్మిదిలో హోసే అల్టూవే మూడు పరుగుల హోమ్ రన్. 5-4, హ్యూస్టన్ 3-2తో పైచేయి. నాకు 2011 మళ్లీ కళ్లముందుకొచ్చింది. ఇంకొకడైతే లెక్లెర్క్‌ని ఆ సిరీస్‌లో మళ్లీ బంతి ముట్టనిచ్చేవాడు కాదు. బోచీ వెంటనే ఆరో మ్యాచ్‌లోనే అతనికి బంతి ఇచ్చాడు. గెలిచాం, ఏడోదీ గెలిచాం, ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ బయటి జట్టే గెలిచింది. సీజనంతా నిలకడ లేని జాష్ స్బోర్జ్‌ని నమ్మి టైటిల్ మ్యాచ్ చివరి ఏడు అవుట్లూ అతని చేతిలోనే పెట్టాడు. ఆ అక్టోబర్‌లో పరాయి ఊళ్లలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచాం.

బంతి ఎక్కడ పడాలో బోచీ నిర్ణయించలేదు. కానీ నిన్న ఓడించినవాడి చేతికి ఇవాళ మళ్లీ బంతి ఇచ్చేటప్పుడు ఆయన మొహంలో తడబాటు కనిపించలేదు, దాన్ని ఆ కుర్రాళ్లు చూశారు. మేనేజర్ పని అంటే నాకు అర్థమైనంతవరకు అదే, దాన్ని స్కోరుతో కొలవలేం. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌కి నేనూ మావాడూ స్టేడియంలో ఉన్నాం. తేదీ అక్టోబర్ 27, ఆ రాత్రికి సరిగ్గా పన్నెండేళ్లు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడి ఉంటే సీగర్ హోమ్ రన్‌తో సమం చేశాడు, పదకొండులో గార్సియా హోమ్ రన్‌తో 6-5. ఇద్దరం కావలించుకుని ఏడ్చాం.

అలాంటి బోచీ 2025 సీజన్ అయిపోగానే వెళ్లిపోయాడు. జట్టూ ఆయనా కలిసే అనుకున్నామని చెప్పారు. 2024లో 78 విజయాలు, 2025లో సరిగ్గా 81-81. ఆ రోజు నాకు 2021లో సన్‌రైజర్స్ డేవిడ్ వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించిన రోజు గుర్తొచ్చింది, 2016లో హైదరాబాద్‌కి కప్ తెచ్చినవాణ్ణి బౌండరీ పక్కన డ్రింక్స్ అందిస్తుంటే చూడాల్సి రావడం ఎంత బాధో అప్పుడు చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. బోచీది అంత అవమానకరంగా జరగలేదు, సలహాదారుగా ఉండమని అడిగారు కూడా. నా నియమం ప్రకారం ఇది అన్యాయమని అనలేను, ఒక రాత్రిని కాదు రెండు పూర్తి సీజన్లని చూసి తీసుకున్న నిర్ణయం. కానీ తప్పు నిర్ణయమని మాత్రం అంటాను. 2025లో పిచింగ్ ఇ.ఆర్.ఎ.లో (పిచర్లు ఇచ్చే పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మంచిది) మేజర్ లీగ్ మొత్తంలో మేమే మొదటి స్థానం. పిచర్లని ఎప్పుడు వాడాలో చూసే మనిషి మేనేజర్, ఆ పని అంత బాగా జరిగింది. జరగనిది బ్యాటింగ్. బ్యాటర్లని కొని తెచ్చేది పైనున్న ఆఫీసు. నవంబర్‌లో మార్కస్ సెమియెన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారంటే లోపం ఎక్కడుందో వాళ్లకీ తెలుసు. కొత్త మేనేజర్ స్కిప్ షూమేకర్ మంచివాడే అని విన్నాను, ఆయన మీద నాకే కోపమూ లేదు. ఆయనకి బ్యాటర్లనివ్వండి, అంతే.

చివరగా 2025 అక్టోబర్ 20 సంగతి. సియాటెల్ మారినర్స్ ఇప్పటివరకు వరల్డ్ సిరీస్ మొహం చూడలేదు. టొరంటోలో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, 3-1తో ముందున్నారు, ఇంకో ఎనిమిది అవుట్లు కావాలి. టొరంటోకి రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, బ్యాటింగ్‌కి జార్జ్ స్ప్రింగర్. మేనేజర్ డాన్ విల్సన్ బ్రయాన్ వూని దించడానికి నడిచి వస్తున్నాడు. ఫోన్లో మావాడు అడిగాడు, "చెప్పు, ఎవరు?" ఆండ్రెస్ మున్యోస్ అన్నాను, జట్టులో అందరికన్నా మంచి పిచర్ అతనే, తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకుంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మిగిలేదేముంటుంది. మావాడు ఎడ్వర్డ్ బజార్డో చాలన్నాడు. విల్సన్ కూడా బజార్డోనే తెచ్చాడు. స్ప్రింగర్ లెఫ్ట్ ఫీల్డ్ వైపు కొట్టాడు, మూడు పరుగులు, 4-3, స్కోరు మళ్లీ మారలేదు.

ఈసారి నాకు తిట్టే హక్కుంది, ముందే చెప్పాను. విల్సన్ తప్పు చేశాడు, ఇప్పటికీ అంటాను. ఫోన్లో ఇద్దరం కాసేపు మాట్లాడలేదు, సియాటెల్ వాళ్ల డగౌట్‌ని చూపిస్తున్నారు, కుర్రాళ్లు తువ్వాళ్లలో మొహాలు దాచుకుంటున్నారు. తర్వాత మావాడు మెల్లగా అడిగాడు. "ఈయన్ని తీసేస్తారంటావా?"

"తీయకూడదురా" అన్నాను.

తీయలేదు.